గోడకు కాపలా పెట్టిన దెయ్యం

వన్ టౌన్‌లో కొబ్బరితాళ్ళ గోడౌన్ వెనక ఒక సందుంది. పొద్దుగూకాక అటు వెళ్ళొద్దంటారు. తెల్లముసుగు మనిషి గోడకానుకుని నిలబడి టైమెంతని అడుగుతుందట. చెప్పినవాడు తెల్లారి లేవడట... చెప్పనివాడి సంగతి ఎవరికీ తెలీదు. వాచీ లేనివాళ్ళు కూడా భయపడేవారు.

ఆ దెయ్యాన్ని పుట్టించింది జరీనా. గోడ ఆవిడ వంటింటిది. సందులో పోయే ప్రతి మగాడికీ సరిగ్గా అక్కడికొచ్చేసరికే ఆగని అవసరం. ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని రాయిస్తే, ఆ అక్షరాల మీదే పోశారు. దేవుళ్ళ బొమ్మలున్న పలకలు అంటిస్తే, దండం పెట్టుకుని కాస్త పక్కకి జరిగారు. చివరికి పాలవాడి చెవిలో దెయ్యం మాట వేసింది. వారం తిరక్కుండా గోడ ఆరింది.

2004 వేసవి. ఒక రాత్రి కరెంటు పోయింది. నమాజు ముగించి, నెత్తిన తెల్లదుపట్టాతోనే, గాలి కోసం జరీనా సందులోకున్న పెరటి తలుపు తీసింది.

మసక వెన్నెల్లో... గోడ దగ్గర... తెల్లటి ఆకారం. తల లేదు, చేతులు లేవు. కింద నీలం అంచు.

తను కల్పించిందే తన ముందుకొచ్చి నిలబడింది!

“యా అల్లా!” అంది. ఎవరో గుండెని పిడికిట్లో పెట్టి పిండినట్టయింది. అక్కడే కూలిపోయింది.

కొడుకు వసీం ఆటోలో గవర్నర్‌పేట ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఈసీజీ చూసి గుండెపోటన్నారు. తీరా చూస్తే రక్తనాళాల్లో అడ్డేమీ లేదు. అప్పుడు డాక్టర్ ఛాయాదేవి ఛాతీకి చల్లటి జెల్ రాసి ఎకో తీశారు.

“చూడండమ్మా. గుండె పైభాగం గట్టిగానే కొట్టుకుంటోంది. కింద మొన దగ్గర మాత్రం కుండలా ఉబ్బి, కదలడం లేదు. పెద్ద భయం వేస్తే ఇలా అవుతుంది. ఏం చూశారు?”

జరీనా పైకప్పుకేసి చూసింది. దెయ్యమంటే దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాలి.

“బల్లి.”

“బల్లికే ఇంతా?”

“పెద్ద బల్లండీ.”

డాక్టరమ్మ నవ్వలేదు. “మందులు వాడితే ఈ కండ మళ్ళీ కదలొచ్చు. అప్పటిదాకా జాగ్రత్త.”

ఆ ‘కదలొచ్చు’ జరీనాకి నిద్ర లేకుండా చేసింది. వసీం పెళ్ళి చూడకుండానే పోతానేమోనని ఏడ్చింది.

సందులో మాత్రం పండగే. దెయ్యం గుండె పిసికిందనీ, ఎకోలో వేలిముద్రలు కూడా పడ్డాయనీ చెప్పుకున్నారు. గోడ పక్కకి కుక్కలు కూడా రావడం మానేశాయి.

కొన్ని వారాలకి మళ్ళీ ఎకో తీశారు. మొన మిగతా గుండెతో కలిసి చక్కగా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. “మామూలైపోయిందమ్మా” అన్నారు డాక్టరమ్మ. జరీనా ఆవిడ చెయ్యి పట్టుకుని భోరుమంది.

బయట బల్లమీద గోడౌన్ గుమాస్తా బాలశౌరి అరటిపళ్ళతో కూర్చునున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“మిమ్మల్ని పట్టినదాన్ని ఆ రాత్రి నేనూ చూశానండీ. తెల్లముసుగు... ఏదో అరిచి నేలలో కలిసిపోయింది.”

“మరి మిమ్మల్నేం చెయ్యలేదా?”

“నేను తెలివిగా నెత్తిమీంచి దుప్పటి కప్పుకుని వెళ్ళానండీ. తనవాళ్ళే అనుకుని వదిలేసింది.”

“అంత రాత్రప్పుడు అక్కడ మీకేం పని?”

బాలశౌరి నేలచూపులు చూశాడు. “...అలవాటండీ.”

బాగుపడ్డ గుండె దడదడలాడింది, ఈసారి కోపంతో. ఇన్ని వారాల ఏడుపూ ఇతగాడి అలవాటుకా! జరీనా దుపట్టా నెత్తిమీదికి లాక్కుని, అతని చెవి దగ్గరికి వంగింది.

“నీలం అంచు దుప్పటి... కదూ?”

అరటిపళ్ళు కిందపడ్డాయి.

“టైమెంతైంది, బాలశౌరి గారూ?”

బాలశౌరి ఛాతీ పట్టుకున్నాడు. లోపల డాక్టరమ్మ జెల్ సీసాకి ఇంకా మూత పెట్టలేదు.