చొక్కా తగిలించిన మేకు

మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. కింద నట్టో బోల్టో కనబడితే వెంటనే తీసి జేబులో వేసుకునేవారు. "ఎవడో ఒకడు దానిమీద కాలేసి జారతాడే" అనేవారు. ఆ మంచి అలవాటే మా కొంప ముంచింది. పైపుల అతుకులను కిరణాలతో పరీక్షించే యంత్రంలోంచి ఊడిపడిన చిన్న లోహపు ముక్కను కూడా అలాగే ఇంటికి తెచ్చారు. చొక్కా విప్పి పాప మంచం పక్కనున్న మేకుకు తగిలించారు. నేనూ పాపా మా అమ్మ దగ్గర ఉండబట్టి బతికిపోయాం.

ముందు వాంతులు. అవి తగ్గేసరికి గండం గడిచిందనుకున్నాం. తర్వాత దువ్వెన నిండా జుట్టు, చిగుళ్ల నుంచి రక్తం, ఛాతీ మీద సరిగ్గా జేబుండే చోట మానని పుండు. ఆయన దక్కలేదు.

ముక్కను సీసం పెట్టెలో పెట్టి తీసుకెళ్లిన ఆఫీసరు కిరణాలు తగిలితే టిక్ టిక్‌మనే మీటరుతో ఇల్లంతా వెతికాడు. "భయం లేదమ్మా. ఆ ముక్క శక్తి కొన్ని నెలలకు సగమవుతుంది, మళ్లీ అన్ని నెలలకు అందులో సగం. దాని కిరణాలు తగిలినంత మాత్రాన గోడలు కిరణాలు చిమ్మవు."

"మనుషులో?"

"మనుషులూ అంతే."

అయినా నా పిచ్చి చూడలేక ఒక పాత మీటరు ఇచ్చి వెళ్లాడు.

ఓ సాయంత్రం, ఆయనుంటే డ్యూటీ దిగే వేళ. పాప మంచం మీద బొమ్మలు గీసుకుంటోంది, పక్కనే మీటరు. నేను గుమ్మం దగ్గరున్నాను. ఉన్నట్టుండి మెషీన్ ఆయిల్ వాసన...

టిక్.

మేకు ఖాళీగానే ఉంది. టిక్... టిక్... ఎవరో మంచం వైపు జరుగుతున్నట్టు చప్పుడు పెరిగింది.

"నాన్న వచ్చాడు," అంది పాప తలెత్తకుండా.

ఆ మాట కోసం ఎంత ఏడ్చానో! కానీ మీటరు గింజలు వేగినట్టు చిటపటలాడుతోంది.

"పాపను ముట్టుకోకండి," అని గుసగుసలాడాను. "మీ కాళ్లు పట్టుకుంటా. కావాలంటే నన్ను పట్టుకోండి..."

మీటరు ఆగింది. నా ఛాతీకి ఎడమవైపు వెచ్చగా ఏదో ఆనింది. నాకు తెలిసిన స్పర్శే.

పాప పక్కనున్న మీటరు వైపు చూశాను. చప్పుడు లేదు. నా బిడ్డ దక్కింది! దగ్గరికెళ్లి ఒళ్లోకి తీసుకోబోయాను.

టిక్. టిక్. టిక్.

"అమ్మా, ఎత్తుకో," చేతులు చాచింది.

వెనక్కి జరిగాను. చప్పుడు తగ్గింది. తలుపు దాటి బయట కూలబడ్డాను. అది పూర్తిగా ఆగింది.

"ఎత్తుకోమ్మా..." లోపల పాప వెక్కి వెక్కి ఏడుస్తోంది. కొన్ని నెలలు ఆగు తల్లీ, సగమవుతుంది, అందులో సగమవుతుంది...

నా ఛాతీ మీది వెచ్చదనం పోయింది. పాప ఏడుపు ఆగిపోయింది. ఎవరో ఎత్తుకున్నట్టు కిలకిలా నవ్వింది.

నేను ఇంకా బయటే ఉన్నాను. లోపల మీటరు మోగుతోంది.