హెడ్డుగారి శౌర్య పతకం

ఇమ్మానియేలు పోలీసు పతకాలు పోగుచేసేవాడు. బడిపంతులికి అదేం పిచ్చో తల్లి జయకుమారికి అర్థమయ్యేది కాదు. బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి, దాని మీద పదకొండు శౌర్య పతకాలు. అంచున చెక్కిన పేరు భూతద్దంలో చదివేవాడు. ఆ పేరుగలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, పతకం ఎందుకొచ్చిందో వాళ్ల నోటే విని నోటుబుక్కులో రాసుకునేవాడు. కథ లేని పతకం ఊరికే ఇచ్చినా తెచ్చేవాడు కాదు.

“ఏరా, పిల్లనివ్వడానికొచ్చినోళ్లు ఇది ఇల్లా, పోలీస్ స్టేషనా అంటే ఏం చెప్పను?” అనేది.

“కోడలికి లోపల సెల్లు కూడా ఉందని చెప్పవే,” అని నవ్వేవాడు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో పన్నెండోది దొరికింది. కనిగిరిలో చనిపోయిన ఒక హెడ్ కానిస్టేబుల్‌ది. ఆయన భార్య వెంకటరావమ్మ పతకమూ ఇచ్చింది, కథా చెప్పింది. తుపాకీతో మిరపకాయల కొట్టులో దాక్కున్న దొంగని హెడ్డుగారు ఒంటరిగా పట్టుకున్నాడట. ఇమ్మానియేలు అది రాసుకున్నాడు. బళ్లో పిల్లలకీ చెప్పాడు.

ఆ రోజు నుంచి వాడికి దగ్గు.

పొద్దు వాలేసరికి ఇంట్లో ఘాటు. ఊరంతా కళ్లాల్లో మిరపకాయ ఎండుతోంది, అదేలే అనుకుంది జయకుమారి. కానీ ఎండే కాయ వాసన వేరు. ఇది మాడుతున్న వాసన. పొయ్యి చూసింది. చల్లగా ఉంది. మోకరించి “ప్రభువా” అనబోతే ఆ మాట కూడా దగ్గులోనే పోయింది. నాలుగో రోజు వాడి రుమాల్లో నెత్తురు కనబడింది.

ఈ పన్నెండోది ఇంటికొచ్చాకే ఇదంతా అనుకుని, మర్నాడు ఆ పతకం కొంగున ముడేసుకుని కనిగిరికి తొలిబస్సెక్కింది. “బడికి పోయి పొద్దుగూకాక వస్తానే,” అన్నాడు కొడుకు.

వెంకటరావమ్మ పతకాన్ని ముట్టుకోలేదు.

“మీకు దణ్ణం పెడతానమ్మా, తీసేసుకోండి.”

“ఆ చచ్చినోడికి ఈ బిళ్లతో పనిలేదు తల్లీ. ఆ అబద్ధం ఆఖరున ఎవరు చెబితే వాళ్ల వెంట పడతాడు.”

“అబద్ధమా?”

ఆవిడ గొంతు తగ్గించింది. “తుపాకీ లేదు. దొంగా కాదు. కాయ కోతకొచ్చిన కూలోడు. తలుపు కిందనుంచి మిరపకాయల పొగ పెట్టారు. మా ఆయన బయట గొళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. అమ్మా, తలుపు తియ్యవే అని అరిచీ అరిచీ పోయాడు వాడు.”

“నా బిడ్డకి దారి చెప్పండి.”

“మాపటేళ నీ కొడుకు గొంతుతో పిలుస్తాడు. మా పెద్దోడి గొంతుతో పిలిస్తే నేను తలుపు తీశాను. ఆ పూటే మా ఆయన పోయాడు. నువ్వు తియ్యకు.”

జయకుమారి ఊళ్లో దిగేసరికి దీపాలవేళయింది. ఇంటి తలుపుకి బయట గొళ్లెం పెట్టి ఉంది. అబ్బాయి ఇంకా బడి నుంచి రాలేదు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు... లోపల దగ్గు.

“అమ్మా... వచ్చావా?”

ఆమె కదల్లేదు.

“తలుపు తియ్యవే... ఊపిరాడట్లేదే...”

వాడి గొంతే. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే పిలిచేవాడు.

“నువ్వు నా కొడుకువి కాదు,” అని గొణిగింది. గొళ్లేన్ని రెండు చేతులా పట్టుకుంది. ఇనుము వెచ్చగా ఉంది. తలుపు అడుగున గోళ్లు గీరుతున్నాయి... ఆగాయి... మళ్లీ గీరాయి...

ఆ తర్వాత ఏమీ లేదు.

గెలిచాననుకుంది.

పక్కింటి కరీమున్ లాంతరు పట్టుకుని వచ్చింది. “ఇప్పుడేనా రావడం అక్కా? అబ్బాయికెలా ఉంది? ఒంట్లో బాలేదని మధ్యాహ్నమే బడి నుంచి వచ్చి పడుకున్నాడు.”

జయకుమారి చేతులు గొళ్లేన్ని వదల్లేదు. కరీమున్ ఒక్కొక్క వేలూ విడదీసి తలుపు తీసింది.

ఇమ్మానియేలు గడప దగ్గరే పడి ఉన్నాడు. ముఖం తలుపు కింది సందుకి ఆనించి ఉంది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. గదిలో పొగ లేదు. నిప్పు లేదు.

జయకుమారి ఏడవలేదు. కరీమున్ ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆగి, లాంతరు పైకెత్తి తలుపుకేసి చూసింది. తన ఇంటి తలుపుకేసి చూసింది. కాలనీలో ఇళ్లన్నీ సర్కారువాళ్లు ఒక్క తీరున కట్టిచ్చినవే.

“అక్కా... మన తలుపులకి బయట గొళ్లేలు లేవు కదా. తాళ్లే కదా కట్టుకుంటాం...” లాంతరు గొళ్లెం దగ్గరికి జరిపింది. “ఇదెవరు బిగించారు?”