ఖాళీ గదిలో ఊఁ

మొదట్లో అతని లెక్కలో ఉన్నవి మూడు వందల పన్నెండు కథలు. అన్నీ అన్నయ్య గొంతులో. కలిపితే ముప్పై ఒక్క గంటలు.

అన్నయ్య రాత్రి బస్సు డ్రైవరు. కూతుర్ని పక్కలో వేసుకుని కథ చెప్పే వీలు లేక, డ్యూటీకి బయల్దేరే ముందు ఇంట్లో కంప్యూటర్లో ఒక కథ చెప్పి పెట్టి వెళ్లేవాడు. ప్రతి వాక్యం తర్వాత కాసేపు ఆగేవాడు, పాప ఊఁ కొట్టడానికి. పోయిన వానాకాలం బస్సు వంతెన మీద జారింది. అన్నయ్య తిరిగి రాలేదు. కథలు మిగిలాయి. రోజూ ఒకటి వింటేగానీ పాప నిద్రపోదు.

ఇప్పుడా పాత కంప్యూటరు కూడా ఎగశ్వాస పీలుస్తోంది. "అది కాస్తా చచ్చిందంటే ఈ పిల్లకి నేనేం చెప్పను?" అని వదిన కళ్లొత్తుకుంటే చూడలేక, తమ్ముడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిందంతా పోసి కొత్తది కొనుక్కొచ్చాడు. తీరా చూస్తే రెండింటికీ పొత్తు కుదరలేదు. పాతదాంట్లోని ఫైళ్లు కొత్తదాంట్లోకి ఎక్కుతాయిగానీ తెరుచుకోవు. వైరుతో కలిపి గొంతు ఎక్కిద్దామా అంటే పాతదానికి వైరు పెట్టేచోట తుప్పు.

ఊరుకునే రకం కాదతను. రెండింటినీ బల్ల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. పాతది చెబుతుంది, కొత్తది విని దాచుకుంటుంది. చీమ చిటుక్కుమన్నా అదీ ఎక్కేస్తుంది కాబట్టి కిటికీ మూసి, ఫ్యాను ఆపి, గదికి బయట తాళం వేశాడు. పాప బడికి వెళ్లిన వేళల్లోనే నడపాలని ఏర్పాటు.

"బాబాయ్, నేను బళ్లో ఉంటా కదా. మరి ఊఁ ఎవరు కొడతారు?" అంది పాప, బూట్లు వేసుకుంటూ.

"ఎవరో ఒకరు కొడతార్లేవే."

"కొట్టకపోతే నాన్న కథ ఆపేస్తాడు."

"మీ నాన్న నోరు మూయించడం ఎవరి తరం!" అంది వదిన. నవ్వింది కూడా. ఎన్నాళ్లకో.

వారం తిరిగేసరికి ఆఖరి కథ కూడా అయింది. అవుతూనే పాత కంప్యూటరు రెండుసార్లు టక్కుటక్కుమని ఆగిపోయింది. కాలిన వాసన. ఎంత నొక్కినా మళ్లీ లేవలేదు.

పోతే పోయింది, అన్నీ ఇటు వచ్చేశాయి కదా అనుకుని, అలవాటు కొద్దీ కూడిక సరిచూశాడు.

నలభై నిమిషాలు ఎక్కువ.

తక్కువైతే ఏదో జారిపోయిందనుకోవచ్చు. ఎక్కువ ఎలా వస్తుంది?

బయట వాన పట్టింది. మూసిన గదిలో పట్టపగలే మసక చీకటి. కాలిన వైర్ల కంపు అడుగున ఇంకేదో వాసన, తడిసిన జుట్టు వాసనలాంటిది. మొదటి కథ పెట్టాడు.

"అనగనగా ఒక నక్క..." నిశ్శబ్దం. "దానికి తోక లేదట..." నిశ్శబ్దం. బాగానే ఉంది.

యాభయ్యోది పెట్టాడు. "అప్పుడా ఏనుగు ఏం చేసిందంటే..."

ఊఁ.

వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. చాలా దూరంగా... గది అవతలి మూల నుంచి వచ్చినట్టు. పాతదాంట్లో అన్నయ్య గొంతు తప్ప వేరే గొంతు లేనే లేదు.

రెండు వందలోది. ఈసారి దగ్గరగా. ఊఁ.

పాప గొంతు.

పాప ఆ వారమంతా బళ్లో ఉంది. గది తాళంచెవి అతని జేబులో ఉంది.

చివరి కథ. అన్నయ్య పోయిన రోజు చెప్పింది. అతనికి కంఠతా వచ్చు. సగం దాకా మామూలే. అక్కడ అన్నయ్య కథ ఆపేశాడు.

"ఊఁ కొడుతున్నది ఎవరు తల్లీ? నువ్వేనా?"

"ఊఁ."

"అప్పుడే ఎందుకొచ్చావమ్మా..." గొంతు వణికింది. "ఎవరు తీసుకొచ్చారు?"

"బాబాయి."

చటుక్కున ఆపేశాడు. స్విచ్చు కూడా కట్టేశాడు. అప్పుడే ఫోను మోగింది. వదిన.

"వానకి బడి ముందే వదిలేశారట. గేటు మూసేశారు, పాప ఒక్కతే రోడ్డు మీద నిలబడి ఉంది. నేను ఊరికి ఈ చివరున్నాను, గంటన్నర పడుతుంది. నువ్వెళ్లు నాయనా!"

"వదినా... ఇంకెవరినైనా..."

"ఎవరున్నారు మనకి? ఆ రోడ్డంతా లారీలు. త్వరగా వెళ్లు!"

పెట్టేసింది.

వెళ్లకపోతే పాప తనే రోడ్డు దాటేస్తుంది. వెళితే...

బండి తాళం తీసుకున్నాడు. చూశాడు. బల్ల మీద పెట్టేశాడు. నడిచి వెళ్దాం. గోడవారగా, చెయ్యి వదలకుండా. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ అందుకుని వీధి తలుపు తీశాడు. గుండె కాస్త కుదుటపడింది.

వెనక గదిలో, స్విచ్చు కట్టేసిన కంప్యూటరు మాట్లాడింది.

"బండి మీదా, తల్లీ?"

"కాదు నాన్నా. నడిచే. ఇద్దరం ఒక్క గొడుగులో."

గొడుగు చేతిలోంచి జారిపోయింది. లోపల్నుంచి, చిన్నగా...

"ఉహుఁ, గొడుగు లేదు నాన్నా. తడుచుకుంటూ వచ్చాం."

ఫోను మళ్లీ మోగింది. తెలియని నంబరు. వాన హోరు, లారీ హారను, మధ్యలో పాప.

"బాబాయ్, ఎవరో అంకుల్ ఫోనిచ్చారు. వస్తున్నావా?"

అతని నోట వచ్చింది ఒక్కటే.

"ఊఁ."

లోపలి గదిలోంచీ అదే క్షణాన వినబడింది ఆ ఊఁ. అతని గొంతుతోనే.

వాన మొహాన కొడుతుంటే, గడప దాటడానికి కాలెత్తాడు.