బోడిగుట్ట పిలుపు

ఈ అరబ్బు దేశంలో ముత్లా దాటి ఎడారిలోకి పోతే బోడిగుట్ట వస్తాది. గుండు కొట్టించిన తల మాదిరి నున్నగా ఉంటాది, చెట్టూ లేదు చేమా లేదు. మన రాయచోటి కాపర్లు ఎవురూ పొద్దుగుంకినాక దాని జోలికి పోరు. నీళ్లు దొరక్క చచ్చిన కాపరి ఒకడు ఆడ తిరుగుతాడంట. నువ్వు ఎవురిని ఎతుకుతా పోతే, వాళ్ల గొంతుతోనే పిలుస్తాడంట!

నేను ఆ పక్కకు నీళ్ల ట్యాంకర్ తోలుతాను. ఇప్పుడు చెప్పబోయేది నాకు నరసింహులు చెప్పింది.

నరసింహులు, అల్లాబకష్ ఒకే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని దగ్గర, గొర్రెలు మేపేవాళ్లు. ఒకే డేరా, ఒకే గిన్నెలో కూడు. పోయిన ఆగస్టులో, తప్పిపోయిన గొర్రెల కోసం పొద్దున్నే బోడిగుట్ట పక్కకు పోయిన అల్లాబకష్ మాపటికి గూడా రాలేదు. ఫోన్ చేస్తే కఫీల్, "గొర్రెలు దొరికినాయా?" అన్నాడంట, పాపాత్ముడు.

నరసింహులు నీళ్ల క్యాను భుజానేసుకుని గుట్ట ఎక్కినాడు. భయం లేక కాదు. ఆ ఎడారిలో వాణ్ణి అన్నా అని పిలిచేది అల్లాబకష్ ఒక్కడే.

పొద్దు గుంకింది. గాలి లేదు... సద్దు లేదు... సగం ఎక్కినాడో లేదో—

"అన్నా..."

అల్లాబకష్ గొంతే! కానీ సన్నగా, నేలలోంచి వచ్చినట్టు. నరసింహులు పలకబోయి నోరు మూసుకున్నాడు. దెయ్యం రెండుసార్లకు మించి పిలవదు, మూడోసారి పిలిస్తేనే పలకాలని మన పక్క అంటారు గదా. అంతకు వారం ముందే వానికి అది గుర్తు చేసింది నేనే, నా నోరు పడిపోను!

"అన్నా... నీళ్లు..."

అది రెండోది.

నరసింహులు కొయ్యబారిపోయినాడు. 'ఇంగొక్కసారి పిలువురా... ఒక్కసారి' అని లోపల్లోపలే మొక్కుకున్నాడంట. ఎంతసేపు చూసినా మూడో పిలుపు రాలేదు. వెనక్కి తిరిగి చూడకుండా డేరాకు ఉరికినాడు.

తెల్లారి నేను ట్యాంకర్ తీసుకుపోతే, ఇద్దరం కలిసి ఎక్కినాం. అవతలి పక్క ఒంపులో అల్లాబకష్ పడున్నాడు, కాలు విరిగి. నరసింహులు ఆగిన చోటికి ముప్పై అడుగులు గూడా లేదు.

"రాత్రే పోయుంటాడు లేరా. నువ్వు పలికినా దక్కేవాడు కాదు" అన్నాను. నరసింహులు ఆ మాటనే పట్టుకున్నాడు. "అంతే కదన్నా... అంతే కదా" అని నన్ను పదిసార్లు అడిగినాడు.

అంబులెన్సులో వచ్చిన డాక్టరుకు గూడా రాత్రే పోయినాడని చెప్పినాను. ఆయన వంగి, అల్లాబకష్ చెయ్యి మడిచి చూసినాడు. అది ఇంకా బిగుసుకోలేదు, మెత్తగానే వంగింది.

"రాత్రి కాదు" అన్నాడు హిందీలో. "తెల్లారేదాకా బతికే ఉన్నాడు."