దోమవారణి

2079 నాటికి దీవులకు వెళ్లేవాళ్లెవరూ దోమతెరలు మోసుకెళ్లడం లేదు. చెవి వెనక కందిబద్దంత బిళ్ల అంటించుకుంటే చాలు. అందులోని సూక్ష్మజీవులు చెమటతో కలిసి ఒక వాసన పుట్టిస్తాయి. మనిషికి అది తెలియదు, దోమ మాత్రం వాలదు. ఆ బిళ్ల పేరు దోమవారణి. కనిపెట్టింది డాక్టర్ కాత్యాయని.

ఆ ఉదయం ఆమె శంఖుదీవి రిసార్టు వరండాలో టిఫిను చేస్తోంది. చుట్టూ పొట్టి చేతుల చొక్కాల్లో నలభైమంది అతిథులు. ఆ ఏడాది దోమకాటుతో వచ్చే ఎముకజ్వరం పక్క దీవుల్లో రెండొందల మందిని పొట్టనపెట్టుకుంది. ఇక్కడ ఒక్క అతిథికీ ఒళ్లు వెచ్చబడలేదు. కాత్యాయనికి గర్వంగా ఉంది, సాంబారు పోయడానికి వంగిన పనిమనిషి గురమ్మ చేయి చూసేదాకా.

మోచేతి నుంచి మణికట్టు దాకా దద్దుర్లు. మూడు దోమలు వాలి ఉన్నాయి. గురమ్మ వాటిని తోలడం లేదు.

"నీకు బిళ్ల ఇవ్వలేదా?"

"మాకియ్యరమ్మా. తోలినా ఊరుకోరు." శ్రీకాకుళం నుంచి పనికొచ్చిన ఆ మనిషి గొంతు తగ్గించింది. "బల్లల కాడ నిలబడాలంతే. నాకు ముందున్న పిల్ల మొన్నే జొరంతో పోనాది."

కాత్యాయని మేనేజరు సెల్వన్‌ను నిలదీసింది. అతను తడబడలేదు.

"మీ నివేదికలో ఉన్నదే మేడమ్. రక్తం దొరక్కపోతే నాలుగో రోజుకు దోమ ఆ వాసనను లెక్కచేయదు. దగ్గర్లో బిళ్ల లేని ప్రాణి ఒకటుండాలి. మీరు ప్రయోగశాలలో ఎలుకను పెట్టారు. ఇక్కడి దోమలు ఎలుకను ముట్టవు."

ఆమె లేచి నిలబడి, అతిథులకు అంతా చెప్పేసింది. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్న ఓ పెద్దావిడ సెల్వన్ వైపు తిరిగింది.

"అయితే మా బల్ల దగ్గర ఎవరూ లేరేం? త్వరగా ఒకర్ని పంపించండి బాబూ!"

పక్క బల్లలవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు గురమ్మ వైపు జరుపుకున్నారు.

కాత్యాయని తన బిళ్ల పీకి గురమ్మకు అంటించాలని చెయ్యెత్తింది. గురమ్మ ఆశగా తల వంచి, చెవి మీది జుట్టు తప్పించింది.

అప్పుడే కాత్యాయని ముఖం ముందు ఒక దోమ గుయ్యిమంది.

ఆమె వేళ్లు బిళ్లను మరింత గట్టిగా అదిమిపట్టాయి.