గీత చెదరని నట్టు

డిటెక్టివ్ ఆఫీసులో ఆమె కుర్చీ అంచున కూర్చుని, చేతిలోని లంచ్ బాక్సును ఒళ్లో పెట్టుకుంది. అది భర్తకని తెచ్చింది. పోలీస్ స్టేషన్‌లో లోపలికి పంపలేదట.

"మా ఆయన గోడ పడేసే మనిషి కాదండీ. నిలబెట్టే మనిషి," అంది.

పక్కనే నిలబడ్డ పెద్దాయన ఆమె భుజం తట్టాడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు చక్రాలు బిగించి రిటైరైన మెకానిక్. వాళ్ల పక్కింటివాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. "నేనే తీసుకొచ్చానమ్మా. ఈ పిల్ల ఏడుపు వినలేకపోయాను," అన్నాడు.

"కూర్చోండి బాబాయ్ గారూ," అంది డిటెక్టివ్.

ఆయన కూర్చోబోయి ఆగాడు. స్టూలు వంచి, అడుగున నట్టును వేళ్లతోనే బిగించి, అప్పుడు కూర్చున్నాడు. ఆ స్టూలు ఆరునెలలుగా ఊగుతూనే ఉంది. అసిస్టెంట్ నవ్వాపుకున్నాడు. పెళ్లై మూడు వారాలైన అతనికి ఈ మధ్య ప్రతిదీ ముచ్చటగానే కనిపిస్తోంది. అయితే ఆ అమ్మాయి ముఖం చూడగానే ఆ నవ్వు ఎటో పోయింది.

సంగతి ఇదీ. ఇరుకు సందుల్లోని వాళ్ల పాత బస్తీని పడగొట్టి, నాలుగు వందల కుటుంబాలకు అక్కడే కొత్త ఇళ్లు కట్టాలి. అందరూ అద్దె గదుల్లో ఉన్నారు గనుక ఆలస్యం కుదరదు. అందుకే ఫ్యాక్టరీలో తయారైన భాగాలతో కట్టాలనుకున్నారు. రెండు పద్ధతులు పోటీలో మిగిలాయి. ఒకటి, కాంక్రీటు గోడ పలకలు తెచ్చి అక్కడే అతికించేది. రెండోది, గదికి గది పెట్టెలా తయారుచేసి ఒకదానిపై ఒకటి పేర్చేది. రెండు కంపెనీలూ యార్డులో నమూనా గదులు కట్టి చూపిస్తున్నాయి. రేపు మధ్యాహ్నం కమిటీ ఒకదాన్ని ఎంచుకుంటుంది.

మూడు రోజుల క్రితం, మధ్యాహ్నం విరామంలో, ఒక గోడ పలక కూలింది. కింద మేస్త్రీ ఉన్నాడు. కాలు నుజ్జయింది, ప్రాణం ఊగిసలాడుతోంది. పలకను నిలిపే ఏటవాలు ఊతగొట్టాలను బిగించింది ఈమె భర్త.

"మేస్త్రీ పోతే మా ఆయన మీద చావు కేసు పెడతారట," అంది ఆమె.

*

యార్డులో తడి సిమెంటు వాసన కమ్మగా ఉంది. కూలిన పలక చుట్టూ తాడు కట్టారు. నేలలో పాతిన రెండు బోల్టులు, వాటిపై నట్లు అలాగే ఉన్నాయి.

కమిటీ ఆర్కిటెక్ట్ వివరించింది. "గొట్టం కింద ఇనుప పాదం ఉంటుంది. దానికి ఒకవైపు తెరిచిన గాడి. బోల్టులోకి తోసి, పైన నట్టు బిగిస్తారు. నట్టు వదులైతే పాదం జారి వచ్చేస్తుంది. బిగించాక బోల్టు మీదుగా నట్టు మీదికి పసుపు రంగుతో ఒక గీత గీస్తారు. తర్వాత ఎవరైనా తిప్పితే గీత చెదురుతుంది."

"ఇక్కడ చెదరలేదు," అంది డిటెక్టివ్.

"అదే కదా! రెండింటి మీదా గీత తిన్నగా ఉంది. అంటే ఎవరూ తిప్పలేదు. అతను బిగించకుండానే గీసేశాడు. పోలీసులూ అదే అన్నారు."

డిటెక్టివ్ నేలమీద బోర్లా పడుకుంది. అసిస్టెంట్ పరుగున వచ్చి తన కొత్త రుమాలు పరిచాడు. ఆవిడ దాన్ని పట్టించుకోకుండా బోల్టు పక్కన ఆ పాదాన్ని నిలబెట్టి, కళ్లు చిట్లించి చూసింది.

"ఈ దుమ్మంతా ఎప్పటిది?"

"గోడ పడటానికి ముందు రోజుది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాంక్రీటు కోశారు. మా టీలో కూడా సిమెంటే," అన్నాడు వాచ్‌మన్.

"గొట్టాలు బిగించింది?"

"దానికీ ముందు రోజు."

పెట్టె గదుల కంపెనీ సేల్స్ మేనేజరు అత్తరు ఘాటుతో ముందుకొచ్చాడు. "చూశారా మేడమ్, సైట్లో చేతిపనంటే ఇంతే! మా గదులకు ఈ తంటా లేదు."

"మీ గది లారీ బస్తీ సందు మలుపులో తిరుగుతుందా?"

"ప్లానులోంచి రెండు వరసల ఇళ్లు తీసేస్తే తిరుగుతుంది. అరవై కుటుంబాలకు ఊరవతల స్థలమిస్తారు లెండి." ఆయన బోల్టుకేసి చూసి, "అన్నట్టు, ఆ గీతేమిటండీ? కంపెనీ మార్కా?" అన్నాడు.

డిటెక్టివ్ జవాబివ్వకుండా వాచ్‌మన్ వైపు తిరిగింది. "విరామంలో రోజూ అందరూ ఎక్కడ తింటారు?"

"ఇక్కడే, ఈ గోడ నీడలో. ఆ రోజు మాత్రం గేటు దగ్గర. బస్తీ తరఫున పెద్దాయన బిస్కెట్లు పంచారు. పాపం, ఆయన ఒక్కటీ తినలేదు. చెయ్యి కడుక్కొస్తానని వెళ్లారు. మేస్త్రీ కళ్లజోడు మరిచిపోయానని వెనక్కి రాకపోతే..." వాచ్‌మన్ మాట పూర్తి చేయలేదు.

ఆర్కిటెక్ట్ ఫైలులో బస్తీ నుంచి వచ్చిన ఉత్తరాలు ఉన్నాయా అని డిటెక్టివ్ అడిగింది. మూడు దొరికాయి. మూడింటి మీదా 'సాంకేతిక విషయం, జవాబు అక్కర్లేదు' అని రాసి ఉంది. ఆవిడ వాటిని చదివి, మడిచి తన సంచిలో పెట్టుకుంది.

*

మర్నాడు పొద్దున్న అందరినీ పలకల నమూనా గదిలోకి పిలిచింది. పోలీసు ఇన్‌స్పెక్టర్ ఊతగొట్టాల పనివాణ్ణి వెంట తెచ్చాడు. భార్య అతని చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

"ఇతను నట్లు బిగించాడు," అంది డిటెక్టివ్. "యార్డంతా సిమెంటు పొర పట్టింది. బోల్టులో ఇనుప పాదం పట్టే మేర మాత్రం మెరుస్తోంది, దుమ్ము తగల్లేదు గనుక. కానీ మెరుపు అక్కడ ఆగలేదు. ఇంకో నాలుగు మరలు పైకి ఉంది. దుమ్ము రోజున నట్టు అక్కడే, పాదాన్ని అంటుకుని ఉంది. ఆ తర్వాతే ఎవరో వదులు చేశారు."

"మరి గీత?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక పూర్తి చుట్టు తిప్పితే గీత మళ్లీ గీతకే వస్తుంది. నాలుగు చుట్లు లెక్కపెట్టి తిప్పారు. గీత సంగతి తెలిసినవాళ్ల పని అది. సేల్స్ మేనేజరు గారికి అది కంపెనీ మార్కా."

మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు.

"నట్లు సరిగానే ఉన్నాయి, పద్ధతే పనికిరాదు అని అందరూ అనుకోవాలి. అందుకే గీత కలిపారు. ఎవరికీ దెబ్బ తగలకూడదు. అందుకే బిస్కెట్లు. బాబాయ్ గారూ, బస్సు చక్రాల నట్లకు కూడా గీత గీస్తారు కదూ?"

పెద్దాయన తల ఎత్తలేదు. "గీస్తాం. చక్రాలు రోజూ కడుగుతాం గనుక దుమ్ము మాట నాకు తట్టలేదు."

"బాబాయ్!" అంది ఆమె. చొక్కా అంచు చేతిలోంచి జారిపోయింది. "మూడు రోజులు నా పక్కనే కూర్చున్నావు."

"మా అక్క ఇలాంటి పలకల ఇంట్లోనే ఉండేదమ్మా. పైకి అతుకు నున్నగా, లోపల డొల్ల. అది కూలి అక్కా, ఇద్దరు పిల్లలూ పోయారు. ఒక్క అతుకు కోసి చూపించండని మూడుసార్లు రాశాను. జవాబు లేదు. ఒక గోడ పడితేనైనా చూస్తారనుకున్నాను. గాలికే ఒరిగిపోయింది. మేస్త్రీ వస్తున్నాడని చూసేసరికి... అరిచాను, వినపడలేదు."

"మరి మా దగ్గరికి ఎందుకు తీసుకొచ్చారు?" అసిస్టెంట్ ఉండబట్టలేక అడిగేశాడు.

"ఒప్పుకుందామంటే నోరు పెగల్లేదు బాబూ. మీ మేడమ్ అయితే పట్టుకుంటారని."

డిటెక్టివ్ ఆ మూడు ఉత్తరాలను ఆర్కిటెక్ట్ ముందు పెట్టింది. "కోత మిషను బయటే ఉంది."

ఆర్కిటెక్ట్ ముఖం పాలిపోయింది. వెళ్లి తనే పనివాళ్లను పిలిచింది.

మొదటి అతుకు కోశారు. గట్టిగా, నిండుగా ఉంది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. రెండోదీ అంతే. మూడోది కోస్తుంటే మిషను చప్పుడు మారిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే, నున్నటి పూత వెనక పిడికిలి పట్టేంత ఖాళీ.

సేల్స్ మేనేజరు పెదవులు విచ్చుకున్నాయి.

"తర్వాత మీ గదులవి," అంది డిటెక్టివ్. ఆ పెదవులు మళ్లీ మూతబడ్డాయి.

పెద్దాయన ఆ ఖాళీలోకి చూశాడు కానీ చెయ్యి పెట్టలేదు. "నేను చేసింది దీంతో చెల్లిపోదు. మేస్త్రీ ఇంట్లో నేనే చెప్తాను," అని ఇన్‌స్పెక్టర్ వైపు నడిచాడు. పనివాడు ఆయన్ని చూడలేక గోడవైపు తిరిగాడు.

ఆర్కిటెక్ట్ ఫోను తీసి, మధ్యాహ్నం సమావేశం వాయిదా వేయమని చెప్పింది. "ఆ ఒక్క అతుకు బాగు చేయిస్తాం," అంది ఎవరితోనో అన్నట్టు.

పనివాడి భార్య ముందుకొచ్చింది. మొగుడు విడుదలైన సంతోషం ఆమె ముఖంలో ఇంకా చోటు చూసుకోలేదు. లంచ్ బాక్సు అసిస్టెంట్ చేతిలో పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఒక్కటి కాదమ్మా," అంది. "అన్నీ కొయ్యండి. మేం అందరం వచ్చి చూస్తాం. రేపు ఈ గోడల మధ్య పడుకోబెట్టేది మా పిల్లల్ని."

నేలమీద మిషను ఇంకా వేడిగానే ఉంది. ఆమె భర్త వంగి, దాన్ని మళ్లీ ఎత్తాడు.