ఐదో డెక్కులో మాయమైన బండి

బండి దానంతటదే నడుచుకుంటూ వెళ్ళి సముద్రంలో పడిందట. తాళం కూడా అక్కర్లేదట. అలాంటి బళ్ళకి ఒక్కోసారి పిచ్చెక్కుతుందట. ఇదంతా ఎదురు గదిలో దిగిన రిటైర్డ్ నర్సు చెప్పిందని, గదులు ఊడ్చే ఆవిడ వచ్చి ఓడ సెక్యూరిటీ ఆఫీసర్‌కి చెప్పింది. అక్కడితో ఆగకుండా గొంతు తగ్గించి ఇంకో మాట కలిపింది.

"సముద్రంలో పడకపోతే మాత్రం తీసింది టోపీ పెద్దాయనే అంటోంది సార్. నిన్న ఆయన బండి మోటారు కాలిపోయింది కదా. కడుపుమంటట."

"మరి నువ్వేమంటావు?"

"నేనేమంటాను సార్? తర్వాతి మాట నా మీదకే వస్తుందని భయం. ఆ గది కార్డు నా దగ్గర కూడా ఉంటుంది."

ఉదయం 8.20. ఓడ రేవులో ఆగి అరగంటయింది.

ఆఫీసర్ నేల మీద ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాడు. నీళ్ళ మీద ఇది మూడో ఏడు. ఎంత కొంప మునిగే పనైనా టీ చల్లార్చుకుని తాగి గానీ కుర్చీలోంచి లేవడు. అందుకే సిబ్బంది ఆయనకి 'నిదానం గారు' అని పేరు పెట్టారు. ఇవాళ మాత్రం టీ సగంలో వదిలేశాడు.

పోయింది నడవలేని మనిషి కూర్చుని తిరిగే బ్యాటరీ బండి. ఓడ సాయంత్రం నాలుగింటికి కదులుతుంది.

ఐదో డెక్కు. వెడల్పు తలుపున్న గది. బండి పోయినావిడ మంచం అంచున కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయి. తల దువ్వుకుని, శాలువా కప్పుకుని, ఒళ్ళో ఒక కాగితం పొట్లం పెట్టుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. భర్త కిటికీ దగ్గర నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు.

"బండిని ఆఖరుగా ఎప్పుడు చూశారమ్మా?"

"పడుకోబోయే ముందు. అదిగో, ఆ గోడ దగ్గర. ఛార్జింగ్‌లో ఉంది."

"లేచేసరికి?"

"ఆరూ ఐదు. గోడ ఉంది. బండి లేదు."

"తాళం?"

"నా దిండు కింద. ఇదిగో."

"తలుపు?"

"వేసే ఉంది."

"బండి బుట్టలో ఏమైనా ఉన్నాయా?"

"నా మందుల సంచి, నీళ్ళ సీసా. అవి తీసి టేబుల్ మీద పెట్టి మరీ వెళ్ళాడు. దొంగైతే అయ్యాడు గానీ మంచివాడే. ఛార్జర్ మాత్రం పట్టుకుపోయాడు."

ఆఫీసర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు.

"మీరెక్కడున్నారండీ అప్పుడు?"

"పై డెక్కు మీద. నడకకి." ఆయన వెనక్కి తిరగలేదు. "ఐదుంబావుకి వెళ్ళా. ఆరుంబావుకి వచ్చా."

"అంత పొద్దున్నేనా?"

జవాబు భార్య చెప్పింది. "ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో మెకానిక్ బాబూ. ఊరు లేవకముందే తొలి బస్సుల్ని రోడ్డెక్కించిన మనిషి. ఈయన లేచి ఆవులిస్తే గానీ పిట్టలు లేచేవి కావు."

ఆఫీసర్ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"వెతికిస్తాను. ఈలోగా ఓడ వీల్‌చెయిర్ ఒకటి పంపమంటారా? మావాళ్ళు రేవు గేటు దాకా తోస్తారు. అవతల నుంచి మాత్రం మీరే తోసుకోవాలి."

"నా భుజం బాగాలేదు." ఈసారి ఆయన చప్పున అన్నాడు. "నేను తొయ్యలేను."

ఆవిడ మొహం వాడిపోయింది. పొట్లం మీది దారం సవరించింది.

"మా అక్క ఉంటుంది ఈ ఊళ్ళో. గేటు దాటితే పది నిమిషాల దారి. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది అదే. చూసి తొమ్మిదేళ్ళయింది. దానికి చెవుడు, ఫోనెత్తదు. దాని కూతురు వేరే ఊరి నుంచి ఈయనకి ఫోన్ చేస్తే, ఆ కబుర్లు ఈయన నాకు చెబుతారు. ఈ ఓడ ఎక్కిందే దానికోసం. మిగతా ఊళ్ళు చూసి నేనేం చేసుకోను? చలికాలమని దానికో స్వెట్టర్ అల్లాను." ఆగింది. "నాలుగింటికి కదిలిపోతాం కదూ? మళ్ళీ ఈ దారికి రాను బాబూ. నా ఒంటి సంగతి నాకు తెలుసు."

"మూడున్నరకి ఓడ దిగే వంతెన తీసేస్తారమ్మా. అంతకంటే ముందే మీ బండి తెస్తాను."

తేగలనో లేనో తెలియకుండానే మాటిచ్చేశాడు.

బయట వరండాలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊడ్చే ఆవిడ 4.50కి మిషన్ పెట్టి కార్పెట్ దువ్వింది. దాని మీద రెండు చక్రాల గీతలు తీర్చి గీసినట్టున్నాయి. గీతల మధ్య జోళ్ళ గుర్తులు. తిన్నగా, సమంగా. ఎవరో వెనక నుంచి తోసుకెళ్ళారు.

ఓడ ఎలక్ట్రీషియన్ చెప్పాడు: "వెనకాల చిన్న లివర్ ఉంటుంది సార్. అది నొక్కితే మోటారు వదిలేస్తుంది. ఇక తాళం అక్కర్లేదు, చప్పుడు ఉండదు. తోపుడు బండిలా పోతుంది. ఇలాంటి బండి వాడే ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే."

గీతలు లిఫ్ట్ దగ్గర ఆగిపోయాయి. అక్కడి కెమెరా మూడు రోజులుగా పనిచేయడం లేదు.

9.40. టోపీ పెద్దాయన గది. చంకల్లో రెండు కర్రలు, నెత్తిన టోపీ. టోపీ పెట్టుకుని నిద్రపోతాడని కూడా నర్సే చెప్పింది.

"మీ బండికేమైంది?"

"వాలు ఎక్కిస్తుంటే పొగొచ్చింది. ప్రాణం పోయింది. నాకంటే ముందు పోయింది, అదృష్టవంతురాలు."

"ఐదు, ఆరు మధ్య ఎక్కడున్నారు?"

"బాత్‌రూంలో. సాక్షులు లేరు. ఉంటే సిగ్గు పోయేది."

"మీరే తీశారని ఒకరు అంటున్నారు."

"ఆ నర్సే కదా? ఆవిడ నోటికీ చక్రాలున్నాయి. ఆ బండి సీటు చూశావా బాబూ? నా నడుం అందులో సగం పట్టదు. చూడు, ఈ వయసులో దొంగ అనిపించుకుని దిగలేను నేను. తేల్చు."

కార్పెట్ మీద కర్రల గుర్తులు లేవు. ఆఫీసర్‌కి ఆ సంగతి అప్పటికే తెలుసు. అయినా 'తేలుస్తాను' అన్నాడు. పొద్దుట్నుంచి ఇచ్చిన రెండో మాట అది.

డెక్కు తరవాత డెక్కు వెతికారు. లగేజీ గది. లాండ్రీ. వంటింటి వెనక కొట్టు. 10.30. 11.15. 12.00. ఐదో డెక్కులో ఆవిడ పొట్లంతో అలాగే కూర్చుని ఉంది. పెట్టిన భోజనం ముట్టలేదు. అక్క ఇంట్లో తినాలి కదా అందట.

12.40కి దొరికింది.

ఏడో డెక్కులో సంగీతం గది ఉంది. పొద్దుట పూట అటు ఎవరూ రారు. పియానో వెనక, తెర చాటున బండి. ఒక్క గీత పడలేదు. ఓడ ఊగితే దొర్లకుండా చక్రాల కింద రెండు కుర్చీ దిండ్లు బిగించి ఉన్నాయి. గోడకి ఛార్జర్. ఛార్జర్ మీద పచ్చ దీపం.

ఆఫీసర్ ఆ దీపం వంక చాలాసేపు చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని దొంగ బళ్ళు పట్టుకున్నాడో లెక్క లేదు. నంబరు ప్లేటు పీకినవి, సీటు కోసినవి, రంగు మార్చినవి. ఇలాంటిది మాత్రం చూడలేదు.

1.10. అందరినీ ఆ గదికే పిలిపించాడు. ఓడ వీల్‌చెయిర్‌లో ఆవిడ, వెనక భర్త, కర్రల మీద టోపీ పెద్దాయన, తలుపు దగ్గర ఊడ్చే ఆవిడ. పిలవకపోయినా నర్సు.

బండిని చూడగానే ఆవిడ చేతులు చాచింది.

"దొరికిందిగా! చాలు బాబూ. ఎవరు తీస్తే ఏంటి? ఏవండీ, పదండి, ఇంకా టైముంది. అక్క గుమ్మంలోనే కూచునుంటుంది."

భర్త కదల్లేదు.

"ఆగమ్మా," అన్నాడు టోపీ పెద్దాయన. "నీకు చాలు. దొంగ ముద్ర పడింది నాకు. ఎవరో తేలాలి."

"నాకూ తేలాలి," అంది ఊడ్చే ఆవిడ.

టీ చల్లారేదాకా ఆగే మనిషి అక్కడ తొందరపడ్డాడు.

"ఛార్జర్ పోయిందని అమ్మగారు పొద్దున్నే చెప్పారు. నేనూ రాసుకుని ఊరుకున్నాను. అసలు సంగతంతా అందులోనే ఉంది," అన్నాడు. "దొంగిలించిన బండికి ఎవరైనా ఛార్జింగ్ పెడతారా? దొర్లకుండా చక్రాలకి అడ్డు పెడతారా? మందుల సంచి తీసి అందేచోట ఉంచుతారా? ఈ బండి రేపు పొద్దున్న ఈవిడకి కావాలని తెలిసినవాళ్ళే ఆ పని చేస్తారు. షెడ్డులో ఏ బండినీ తయారు చెయ్యకుండా వదలని మనిషి. దాచేటప్పుడు కూడా ఆ అలవాటు చేతిని వదల్లేదు. తెల్లారకముందే లేస్తారు. లివర్ తెలుసు. వీల్‌చెయిర్ తొయ్యడానికి భుజం నొప్పన్నారు గానీ, యాభై కిలోల బండిని రెండు డెక్కులు ఎక్కించడానికి ఆ నొప్పి అడ్డు రాలేదు."

ఎవరి పేరూ చెప్పలేదు. అందరూ భర్త వైపే చూశారు.

ఆవిడ మెడ తిప్పలేకపోయింది. ఎదురుగా ఉన్న బండితోనే మాట్లాడినట్టు అడిగింది.

"మీరా?"

"ఊఁ."

"ఎందుకండీ?"

  నర్సు వినడానికి ఒక అడుగు ముందుకొచ్చింది. ఈ ప్రశ్న తాను ఆయన్ని ఒంటరిగా అడగవలసిందని ఆఫీసర్‌కి అప్పుడు తెలిసింది. పొద్దున, ఆ కిటికీ దగ్గర, తలుపు మూసి. ఇప్పుడు అందర్నీ బయటికి పొమ్మన్నా ఆలస్యమే.

"ఇవాళ దిగొద్దు," అన్నాడాయన చివరికి. "అక్కడ... లేదు."

"ఎవరు లేరు?"

"మీ అక్క. పోయింది. పదకొండు రోజులైంది. మనం బయల్దేరే ముందు రోజు ఫోనొచ్చింది."

పియానో మీది కాగితం ఒకటి గాలికి జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"నిన్న స్వెట్టర్ చూపించాను," అంది ఆవిడ మెల్లిగా. "చేతులు పొడుగయ్యాయేమో అంటే, సరిగ్గా సరిపోతాయన్నారు."

"అన్నాను."

"అక్క ఏం చేసి పెడుతుందో అంటే, నీకిష్టమైనవన్నీ అన్నారు."

"అన్నాను. నువ్వు సంచీలు సర్దుకుంటున్నావు. నెల రోజులుగా ఒంటి మీద తెలివి లేదు నీకు, అంత సంబరం. ఎలా చెప్పను? ఓడ కదిలాక చెబుదామనుకున్నా. బండి లేకపోతే దిగవు కదా అని..." ఆయన కుర్చీ వెనక నుంచి ముందుకు వచ్చి, ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాడు. "ఊరు కాని ఊరు. ఆ ఇల్లు ఖాళీ. లేచి నాలుగడుగులు వేద్దామన్నా నీకు కాళ్ళు రావు. అక్కడ కూచుని ఒక్కదానివీ ఎలా ఏడుస్తావోనని భయపడ్డానే."

ఆవిడ పొట్లం మీది దారం విప్పింది. స్వెట్టర్ తీసి ఒళ్ళో పరుచుకుంది. ఆయన వంక చూసింది.

"ఏడవడానికి కాళ్ళెందుకండీ?"